శ్రవణ పరిశీలకుడు, గ్రేడ్ టూ

మా రాష్ట్ర పాత్రల సంస్థలో గంజులు చిరగడం కొత్త కాదు. ఉన్నట్టుండి ఒకరోజు అవి చిరగడం మానేశాయి. మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నేను ఆ సంస్థలో ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటుని. నియామకాలు, బదిలీలు, సెలవులు, మెమోలు అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. కాబట్టి ఏది ఏ నిబంధన కింద జరిగిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బయట జనం నవ్వుకుంటూ రకరకాలుగా చెప్పుకుంటున్నారు గనక, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

హైదరాబాదు శివార్లలో, పారిశ్రామికవాడ చివర ఉంటుంది మా ఫ్యాక్టరీ. సర్కారు హాస్టళ్లలో అన్నం వండే పెద్ద స్టీలు గంజులు మేమే చేస్తాం. గుండ్రంగా కోసిన రేకును ప్రెస్సులో అచ్చు మీద పెట్టి పైనుంచి ఒత్తితే, రేకు సాగుతూ అచ్చులోకి దిగి గంజు అవుతుంది. కాకపోతే సరిగా దిగాలి. మా కొనుగోళ్ల కమిటీ పొదుపు పేరుతో పలచటి రేకు తెప్పించడం మొదలుపెట్టాక అది సరిగా దిగడం మానేసింది. అడుగున మూల తిరిగే చోట పర్రుమని చిరిగేది. చిరిగినవాటిని తుక్కు కింద అమ్మేవాళ్లం. ఆ అమ్మకాన్ని వార్షిక నివేదికలో ‘ఇతర విజయాలు’ అనే శీర్షిక కింద చూపేవాళ్లం.

ఆ వేసవిలో పైనుంచి హెచ్చరిక వచ్చింది. బడులు తెరిచేలోగా హాస్టళ్లకు గంజులు చేరకపోతే మా ప్రెస్సు షాపు మూసేసి, బయటి కంపెనీల దగ్గర కొంటామన్నారు. ప్రెస్సు షాపు కార్మికుల్లో ఓదెలు అందరికంటే పాతవాడు. ఆ ప్రెస్సు దగ్గరే పని నేర్చుకుని, ఆ ప్రెస్సు దగ్గరే జుట్టు నెరిసినవాడు. పెళ్లి ఆలస్యంగా అయింది. ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. హెచ్చరిక వచ్చిన రోజు నా దగ్గరికి వచ్చి, “సార్, మూస్తరంటున్నరు, నిజమేనా?” అని అడిగాడు. సంబంధిత ఉత్తర్వు ఇంకా నా బల్ల దాకా రాలేదు గనక నాకు తెలియదని చెప్పాను.

ఆ షాపుకి అసిస్టెంటు మేనేజరు నీరజాక్షి. తెలివైన మనిషి. ఆవిడకి ఒకటే లోపం. సమస్య కనబడితే పరిష్కరించడానికి పూనుకుంటుంది.

హెచ్చరిక వచ్చిన వారానికే ఆవిడ తాను చదువుకున్న ఇంజినీరింగు కాలేజీకి వెళ్లి, అక్కడి ప్రయోగశాల నుంచి ఒక యంత్రాన్ని అరువు తెచ్చింది. చూడటానికి కుక్కరంత ఉంది. దాన్ని అచ్చుకి బిగిస్తానని మా జనరల్ మేనేజరు సర్వోత్తమరావుగారిని అడిగింది. నేనప్పుడు ఆయన గదిలోనే సెలవు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“సార్, గాజులమ్మే ఆవిడ చేతికి గాజు ఎలా ఎక్కిస్తుందో చూశారా? బలంగా తోస్తే గాజు పగులుతుంది, చెయ్యి గీరుకుంటుంది. అందుకని సన్నగా కదుపుతూ, కదుపుతూ ఎక్కిస్తుంది. ఇదీ అంతే. అచ్చుని సన్నగా వణికిస్తాం. సెకనుకి ఇరవై వేల సార్లు. రేకుకీ అచ్చుకీ మధ్య రాపిడి తగ్గిపోతుంది. అంత బలంగా ఒత్తక్కర్లేదు. రేకు మెత్తగా జారి దిగుతుంది.”

“ఇరవై వేల సార్లా?” జీఎంగారు కళ్లజోడు తీశారు. “అనుమతి ఎవరిచ్చారు?”

“యంత్రానికా సార్?”

“అన్నిసార్లు వణకడానికి.”

నీరజాక్షి తేరుకుని, “ఇది శబ్దతరంగం సార్. మనుషుల చెవికి అందనంత సన్నటి శబ్దం. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు,” అంది.

ఎవరికీ ఇబ్బంది లేదన్న మాట జీఎంగారికి నచ్చింది. సూత్రప్రాయంగా, తాత్కాలికంగా, తన బాధ్యత లేకుండా అనుమతి ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సు షాపంతా గుమిగూడింది. నీరజాక్షి స్విచ్ వేసింది. ఏమీ వినబడలేదు. అదే సమయానికి తుక్కు డబ్బాలో పడుకున్న కుక్క ఒకటి చెవులు నిక్కించి, లేచి, విసుగ్గా బయటికి నడిచింది. ఎప్పుడూ ఆ డబ్బాలోనే పడుకుంటుంది కాబట్టి దాన్ని అందరూ డబ్బా అనే పిలుస్తారు. ఓదెలు రోజూ తన సద్దిలోంచి దానికి ఇంత పెడుతుంటాడు. ఆ పూట దాన్నెవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ ప్రెస్సు మీదే ఉన్నాయి.

పై దిమ్మె దిగింది. పర్రుమనలేదు. ఓదెలు గంజును బయటికి తీసి, బోర్లించి, అడుగుమీద అరచేత్తో చుట్టూ నిమిరాడు. మళ్లీ నిమిరాడు.

“మేడం,” అన్నాడు. “గీత గూడ వడలే. వెన్నల వేలు వెట్టినట్టు దిగింది.”

నీరజాక్షి ఆ గంజును రెండు చేతులతో ఎత్తి చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ పూట చేసినవాటిలో ఒక్కటి కూడా చిరగలేదు. సాయంత్రం వాళ్లు షాపులో మిఠాయి పంచుకున్నారు. నాకూ ఒక జిలేబీ పంపారు. కార్యాలయ వేళల్లో వచ్చింది గనక అయిదింటి దాకా ఆగి తిన్నాను.

నిబంధన ప్రకారం, సంస్థలోకి వచ్చిన ఏ యంత్రాన్నైనా ఆడిట్ అధికారి చూసి ధ్రువీకరించాలి. మా ఆడిట్ అధికారి పంచాక్షరిగారు. జీవితంలో దేనికీ తొందరపడి సంతకం చెయ్యని మనిషి. పెళ్లి పత్రిక మీద తన పేరు పక్కన కూడా ‘ధ్రువీకరణకు లోబడి’ అని వేయించారని చెప్పుకుంటారు. ఆయన వచ్చి, యంత్రం ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

“రికార్డులో దీన్ని ‘శబ్దతరంగ యంత్రం’ అని పేర్కొన్నారు. శబ్దమేదీ?”

“వస్తోంది సార్, ఇప్పుడు కూడా వస్తోంది.”

“నాకు వినబడలేదు.”

“ఎవరికీ వినబడదు సార్. కానీ గంజు చూడండి, చిరగలేదు.”

“చిరగకపోవడం ఫలితం. శబ్దం కారణం. నేను ధ్రువీకరించవలసింది యంత్రం నుంచి శబ్దం వెలువడుతున్నదా లేదా అన్నది మాత్రమే. వినని శబ్దాన్ని విన్నానని సంతకం చేస్తే, రేపు రాని సరుకును వచ్చిందని సంతకం చేయమంటారు.”

ఈ వాదనలో బలం ఉందని నాకు అనిపించింది. నీరజాక్షి శబ్దాన్ని కొలిచే మీటరు తెప్పించింది. ముల్లు చివరి దాకా పోయింది. పంచాక్షరిగారు తల అడ్డంగా ఊపారు.

“విన్నది మీటరు. మీటరు సంస్థ ఉద్యోగి కాదు. దాని సాక్ష్యం చెల్లదు. దీన్ని ప్రత్యక్షంగా విన్న ప్రాణి ఎవరైనా ఉంటే చెప్పండి.”

నీరజాక్షికి ఓపిక నశించింది. “కుక్కలకి వినబడుతుంది సార్. పోయి కుక్కనడగండి!” అంది.

పాపం, ఆవిడ కోపంలో అంది. కానీ కార్యాలయంలో అన్న మాట ఏ స్వరంతో అన్నారో రికార్డు కాదు. పంచాక్షరిగారు ఆ మాటను అక్కడికక్కడే రాసుకున్నారు. సాయంత్రానికి ‘సాంకేతిక అధికారి సూచన మేరకు శునక సాక్ష్యం పరిశీలించవచ్చును’ అని నోట్ వచ్చింది. అంతవరకు యంత్రానికి సీలు వేశారు. గంజులు మళ్లీ పర్రుమనడం మొదలుపెట్టాయి.

డబ్బాను పరీక్షించడానికి ముగ్గురు అధికారుల కమిటీ కూర్చుంది. సీలు విప్పి స్విచ్ వేస్తే చెవులు ఎత్తింది. ఆపితే దించింది. మళ్లీ వేస్తే లేచి వెళ్లిపోబోయింది. పంచాక్షరిగారి ముఖం వికసించింది.

“సందేహం లేదు. వింటున్నది. అయితే ఇది బయటి కుక్క. సంస్థకు సంబంధం లేని ప్రాణి ఇచ్చిన సాక్ష్యం మీద నేను సంతకం చేయలేను.”

జీఎంగారు మహోత్సాహంగా, “అయితే సంబంధం కలిపేద్దాం,” అన్నారు. “దేశంలో ఏ సంస్థా చేయని పని. సూపరింటెండెంట్‌గారూ, ఒక పోస్టు సృష్టించండి.”

నేను సృష్టించాను. శ్రవణ పరిశీలకుడు, గ్రేడ్ టూ. శాశ్వత పోస్టు. తాత్కాలికమైతే సంతకానికి విలువ ఉండదని ఆడిట్ వారు అన్నారు. పశువైద్యుడి చేత వయసు నిర్ధారణ చేయించాను. పోలీసు విచారణ కూడా చేయించాను. దాని మీద కేసులేవీ లేవు, ఒక కోడి విషయం తప్ప. ఆ ఫిర్యాదుదారు కూడా రాజీపడ్డాడు. హాజరు యంత్రం పంజా ముద్రను ఒప్పుకోలేదు. ముక్కు పెట్టి చూశాం. ముక్కును ఒప్పుకుంది గానీ, స్టోర్సు గుమస్తా పేరు మీద హాజరు వేసింది. ఆ గుమస్తా ఆ నెలంతా సెలవులో ఉన్నాడు. అతనికి పూర్తి హాజరు వచ్చింది.

ఉత్తర్వు వెలువడిన రోజు నుంచి పద్ధతి స్పష్టంగా ఉంది. పొద్దున్నే డబ్బాను షాపులో కుర్చీ మీద కూర్చోబెట్టాలి. స్విచ్ వెయ్యాలి. అది చెవులెత్తితే ఆ పూట శబ్దం వెలువడినట్టు ధ్రువీకరణ. అప్పుడే ప్రెస్సు నడవాలి. నీరజాక్షికి ఇది పిచ్చిగా అనిపించినా నోరు మూసుకుంది. యంత్రం నడుస్తోంది, గంజులు దిగుతున్నాయి, అది చాలు ఆవిడకి. “పోనీలే ఓదెలూ, చెవులే కదా, ఎత్తనీ,” అందట. ఓదెలు కూడా నవ్వాడు. వాళ్ల నవ్వు వారం రోజులు కూడా నిలవలేదు.

ఓదెలుకు మెమో ఇచ్చింది నేనే. అది పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“సార్, కుక్కకి బువ్వ వెడితె లంచమెట్లయితది?”

“కుక్కకి పెడితే కాదు ఓదెలూ. పరిశీలకుడికి పెడితే అవుతుంది. నువ్వు చేసే పనిని ధ్రువీకరించే అధికారి అది.”

“రెండూ ఒకటే గద సార్.”

“తొమ్మిది నుంచి అయిదు దాకా ఒకటి కాదు.”

“మరి అయిదు దాటినంక వెట్టొచ్చునా?”

“అది విధులకు బయట ఇచ్చిన కానుక అవుతుంది. ఇంకా పెద్ద తప్పు.”

ఓదెలు మెమో వైపూ నా వైపూ చూశాడు. “దానికి గూడ కడుపున్నది సార్. నేను తింటుంటె ఎదురుంగ కూసొని సూస్తది. మెతుకు దిగుతలేదు నాకు.”

అతని బాధ నాకు అర్థమైంది. అందుకే మరుసటి రోజు నుంచి అతని భోజనం వేళనూ, పరిశీలకుడి విరామం వేళనూ వేరు చేస్తూ ఉత్తర్వు ఇచ్చాను. డబ్బా ఆహారానికి టెండరు పిలిచాం. అది తేలేలోగా అధికారులే వంతులవారీగా దాన్ని తమ గదులకు పిలిచి కేకులు, బిస్కెట్లు, ఆదివారం మిగిలిన బిర్యానీ పెట్టసాగారు. అధికారులు పెట్టేది మర్యాద కిందకు వస్తుంది.

అధికారులకు దానితో సాన్నిహిత్యం పెరిగేకొద్దీ దాని ఉపయోగాలు కూడా తెలిశాయి. ముందుగా గ్రహించినవారు కొనుగోళ్ల కమిటీ అధ్యక్షులు. ఇంకా పలచటి రేకు కొనాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఆయన దగ్గర ఆగి ఉంది. నీరజాక్షి ప్రతిసారీ అభ్యంతరం రాసేది. ఈసారి ఆయన రేకు నమూనాను డబ్బా ముందు పెట్టించారు. అది వాసన చూసి, పక్కకు తిరిగి పడుకుంది. ‘పరిశీలకుడి నుంచి ఎటువంటి అభ్యంతరమూ వ్యక్తం కాలేదు’ అని రాసి సంతకాలు చేశారు. గ్రేడ్ టూ అధికారి అభ్యంతరం చెప్పని విషయం మీద గ్రేడ్ త్రీ అధికారి నీరజాక్షి అభ్యంతరం చెల్లదు.

ఆ తర్వాత అన్ని బిల్లులూ అదే దారి పట్టాయి. క్యాంటీను బిల్లు దాని ముందు పెడితే మొరగలేదు, ఆమోదం. ప్రయాణ భత్యాల బిల్లుకూ మొరగలేదు, ఆమోదం. నిరుడు వానల్లో కూలి మళ్లీ కట్టిన ప్రహరీగోడను తనిఖీ చేయడానికి తీసుకెళ్తే, అది గోడ పొడుగునా నడిచి ఒకచోట కాలెత్తింది. ‘క్షేత్రస్థాయిలో పరిశీలించి ముద్ర వేయడమైనది’ అని నేను నమోదు చేశాను. పంచాక్షరిగారు ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత ప్రశాంతంగా కనిపించారు. సంతకం చేసే బాధ్యత ఆయన నెత్తి మీద నుంచి దిగిపోయింది మరి.

కొత్త రేకు మరీ కాగితంలా ఉంది. నీరజాక్షి తిండి మానేసి దానితో కుస్తీ పట్టింది. వణుకు కాస్త పెంచి, ఒత్తిడి కాస్త తగ్గించి, నూనె మార్చి, చివరికి ఆ రేకును కూడా దించింది. ఆవిడా ఓదెలూ మిగతా కార్మికులూ ఆదివారాలు కూడా వచ్చారు. షెడ్డులో గంజులు వరసలుగా పేరుకున్నాయి. బడులు తెరవడానికి ఇంకా సమయం ఉంది. ఆర్డరు పూర్తి కావస్తోంది. ఓదెలు కొత్త విద్యాసంవత్సరానికి కూతురికి పుస్తకాలు కొన్నానని అందరికీ చెప్పాడు. ఒక గంజు ఎండ తగిలి మెరుస్తుంటే అందులో ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాడు కూడా.

అప్పుడు హాస్టళ్ల శాఖ కమిషనరుగారు తనిఖీకి వచ్చారు.

జీఎంగారు ఘనంగా ఏర్పాట్లు చేశారు. డబ్బా కుర్చీకి తెల్లటి తువ్వాలు వేయించారు. ఈలోగా డబ్బా బాగా ఒళ్లు చేసింది. రోజూ వింటూ వింటూ ఆ శబ్దానికి అలవాటు కూడా పడింది. కొన్నాళ్లుగా చెవులు ఎత్తీ ఎత్తనట్టు ఎత్తుతోంది. అది నీరజాక్షి గమనించి చెబితే, అధికారి పనితీరు మీద కింది ఉద్యోగి వ్యాఖ్యానించరాదని నేను హెచ్చరించి ఉన్నాను.

కమిషనరుగారు ప్రెస్సు ముందు నిలబడ్డారు. నీరజాక్షి స్విచ్ వేసింది. ఓదెలు ప్రెస్సు దించాడు. గంజు బయటికి వచ్చింది. నిగనిగలాడుతోంది. అడుగున వెంట్రుకంత గీత కూడా లేదు. తువ్వాలు మీద డబ్బా గురక పెడుతోంది.

“మీ పరిశీలకుడు చెవి ఎత్తలేదే?” అన్నారు కమిషనరుగారు.

స్విచ్ ఆపి, మళ్లీ వేశారు. డబ్బా అటు తిరిగి పడుకుంది.

“శబ్దం వెలువడలేదని తేటతెల్లమైనది,” అన్నారు పంచాక్షరిగారు.

“సార్, గంజు చూడండి!” నీరజాక్షి దాన్ని ఎత్తి కమిషనరుగారి ముందు పెట్టింది. “మీ చేత్తో తడిమి చూడండి. శబ్దం లేకపోతే ఇది ఎప్పుడో చిరిగిపోయేది.”

“గంజు బాగుందమ్మా,” అన్నారు కమిషనరుగారు. “అది వేరే విషయం.”

ఆవిడ అంతసేపూ పళ్లబిగువున ఆపుకున్నది ఒక్కసారిగా బయటపడింది. “డబ్బా!” అని షెడ్డు అదిరేలా అరిచింది. కుక్క ఉలిక్కిపడి లేచింది. చుట్టూ చూసి, ఓదెలు కనబడగానే తోక ఊపింది.

పంచాక్షరిగారు వేలెత్తారు. “చూశారా! పిలిస్తే లేచింది. అనగా పరిశీలకుడి వినికిడి నిర్దుష్టంగా ఉన్నది. కావున లోపం యంత్రానిదే.”

నిజం చెప్పాలంటే, అంత శుభ్రమైన తర్కం మా సంస్థలో నేను ముందెన్నడూ వినలేదు.

ఆపైన జరగవలసినవన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. శబ్దం లేని శబ్దయంత్రంతో తయారైనందున గంజులన్నీ ‘ధ్రువీకరణ లేని పాత్రలు’ అయ్యాయి. అలాంటివి చెక్కుచెదరకుండా ఉంటే ఎవరైనా వాడే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతి గంజుకీ అడుగున చిల్లు పొడిచి తుక్కులో వేయాలని ఉత్తర్వు. పొడవాల్సింది చేసినవాళ్లే.

ఉత్తర్వు అమలు చూడటానికి నేనే వెళ్లాను. ఓదెలు మొదటి గంజును బోర్లించి ఉలి పెట్టాడు. సుత్తి ఎత్తాడు. దించలేకపోయాడు.

“చేతులాడుతలేవు మేడం,” అన్నాడు.

నీరజాక్షి అతని చేతిలోంచి సుత్తి తీసుకుంది. మొదటి చిల్లు ఆవిడే పొడిచింది. రెండోదీ, మూడోదీ పొడిచింది. ఆ తర్వాత ఓదెలు సుత్తి వెనక్కి తీసుకుని, “ఇడువుండ్రి మేడం, నేను జేస్త,” అన్నాడు. మంచి గంజుకి చిల్లు పడితే గుడిగంటలాగా మోగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ చప్పుడు మాత్రం పంచాక్షరిగారికి తన గదిలోకి కూడా వినబడింది. కిటికీ వేయించుకున్నారు.

యంత్రాన్ని కాలేజీకి వాపసు చేశాం. కాలేజీవాళ్లు దాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. బడులు తెరిచే నాటికి హాస్టళ్లకు గంజులు సరఫరా చేసింది ఆ కంపెనీయే. యంత్రం అక్కడ బాగా పనిచేస్తోందని విన్నాం. అది అధికారికంగా విన్నది కాదు గనక రికార్డు చేయలేదు. మా ప్రెస్సు షాపు మూతపడింది. కార్మికులను ఇళ్లకు పంపారు. శబ్దం లేని యంత్రాన్ని శబ్దయంత్రంగా నమ్మించినందుకు నీరజాక్షిని వేరే జిల్లాలో ఒక ఖాళీ గోదాముకి ఇన్‌చార్జిగా వేశారు. ఆవిడ అప్పీలు పెట్టుకుంది. అప్పీలు వినవలసిన అధికారి పంచాక్షరిగారే. విన్నట్టు ఆయన ఇంకా ధ్రువీకరించలేదు.

కొనుగోళ్ల కమిటీ, ఆడిట్ విభాగం, జీఎంగారి కార్యాలయం, నా విభాగం యథాతథంగా ఉన్నాయి. శ్రవణ పరిశీలకుడి పోస్టు కూడా ఉంది. శాశ్వత పోస్టును యంత్రం పోయిందన్న కారణంతో రద్దు చేయడానికి వీల్లేదు. పైగా బిల్లులన్నీ ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి.

కానీ డబ్బా రావడం మానేసింది. విచారిస్తే, ఓదెలు ఇంటి ముందు ఉంటోందని తేలింది. అతను ఫ్యాక్టరీ వదిలి నడిచి వెళ్తుంటే వెనకాలే పోయిందట. విధులకు గైర్హాజరైనందుకు నోటీసు తయారుచేసి, ఇద్దరు సాక్షులను తీసుకుని నేనే వెళ్లాను. ఓదెలు గుమ్మంలో కూర్చుని కుక్కకి అన్నం కలుపుతున్నాడు. పని పోయింది గనక అది లంచం కిందకు రాదు. నేను నోటీసు చదివి వినిపించాను. డబ్బా తోక ఊపింది. ‘అందినట్టు అంగీకరించినది’ అని రాసుకున్నాను. ఓదెలు లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చి, “సార్, మళ్ల షాపు తెరుస్తరంటవా?” అని అడిగాడు. అలాంటి ప్రతిపాదన నా బల్ల మీదికి రాలేదని చెప్పాను.

గడువులోగా డబ్బా హాజరు కాలేదు. ఉద్యోగం నుంచి తొలగించి, ఖాళీని ప్రకటించాం. అర్హతల దగ్గర చిన్న చిక్కు వచ్చింది. మొదటిసారి హడావుడిలో రాసిన నిబంధనల్లో ‘చక్కటి వినికిడి కలిగి ఉండవలెను’ అని మాత్రమే ఉంది. జాతి ప్రస్తావన లేదు. ఇప్పుడు కుక్కలకే అని చేరిస్తే సమాన అవకాశాలకు భంగం. కాబట్టి ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చన్నాం.

కుక్కలేవీ దరఖాస్తు చేసుకోలేదు. ప్రెస్సు షాపు కార్మికులందరూ చేసుకున్నారు.

ఇంటర్వ్యూ బోర్డులో జీఎంగారు, పంచాక్షరిగారు, కార్యదర్శిగా నేను ఉన్నాం. యంత్రం లేదు గనక బల్ల మీద దాని పాత స్విచ్ ఒకటి పెట్టాం. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి నిలబడేవారు. జీఎంగారు స్విచ్ నొక్కి, “ఏమైనా వినబడుతోందా?” అని అడిగేవారు. లేదు సార్ అన్నారు ఒకరి తర్వాత ఒకరు. ఒకతను ఫ్యాను చప్పుడు వినబడుతోందన్నాడు. అది సిలబస్‌లో లేదు.

చివర్న ఓదెలు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జీఎంగారు స్విచ్ నొక్కారు. ఓదెలు కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మెల్లగా తల ఒక పక్కకి వాల్చి, చెవి పైకి ఎత్తాడు.

“ఇనబడుతున్నది సార్.”

“ఎలా ఉంది?”

“సన్నగున్నది సార్. మస్తు సన్నగ.”

పంచాక్షరిగారి కళ్లు చెమర్చాయి. విని, మళ్లీ సంతకం కూడా పెట్టగల సాక్షి దొరకడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

ఓదెలు ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. బిల్లులు తెచ్చి ముందు పెడతారు. చూస్తాడు. ఏమీ అనడు. అభ్యంతరం వ్యక్తం కాలేదని నేను రాసుకుంటాను.

మొన్న నీరజాక్షి తన సర్వీసు రిజిస్టరు కోసం వచ్చి, వెళ్తూ వెళ్తూ అతన్ని చూసి ఆగిపోయింది. తెల్ల తువ్వాలు వేసిన కుర్చీలో అతను. ఓదెలు గబుక్కున లేచి నిలబడ్డాడు.

“నిజంగా వినబడుతోందా ఓదెలూ?” అంది ఆవిడ. కోపంగా అనలేదు.

“ఇనబడకుంటె ఎట్ల మేడం?” అన్నాడు నేల చూస్తూ. “బిడ్డ ఇంటర్ల ఉన్నది.”

ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, వెళ్లిపోయింది. గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఓదెలు పనితీరు గురించి ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. అతని దగ్గర నుంచి మాత్రం ఒక చిన్న అర్జీ వచ్చింది. ఆ పోస్టులో ఉన్నవారు గుర్తింపు బిళ్లను మెడపట్టీకి తగిలించుకోవాలని నిబంధన. పట్టీ ఇదివరకు ఉన్న ఉద్యోగి కొలతకు కుట్టించింది. మింగుడు పడటం కష్టంగా ఉందట, ఒక్క రంధ్రం వదులు చేయించమని కోరాడు. కొలత మారిస్తే పోస్టు స్వభావం మారుతుందా అని ఆడిట్ వారి అభిప్రాయం కోరాను. జవాబు రావలసి ఉంది.